పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాక మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది ఇది. 2014 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజన్ రకం), లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది, ఢిల్లీ నంబరు మీదున్న బండి. ఇప్పుడు నర్సంపేటలో ఉంది. పొలం దారి, వరంగల్ రాకపోకలు, నెలకోసారి ఏటూరునాగారం వైపు ప్రయాణం. చేతిలో లక్షన్నర ఉంది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, 33 అంగుళాల టైర్లు, స్నార్కెల్ (ఇంజన్‌కు గాలి పైనుంచి తెచ్చే గొట్టం), లైట్ బార్, విన్చ్ (దిగబడ్డ బండిని లాగే మోటారు చుట్ట). వీటిలో ఏది ముందు?

ఏదీ ముందు కాదు. ముందు బండి కింద పడుకుని చూడాలి. మీరు రాసినవాటిలో చాలావరకు పాత భాగాల మీద కొత్త భారం మోపేవే. పెద్ద టైరు వేస్తే క్లచ్, బాల్ జాయింట్లు మోస్తాయి. లిఫ్ట్ చేస్తే జాయింట్లు వంకరగా తిరుగుతాయి. విన్చ్ పెడితే ముందు టోర్షన్ బార్లు (స్ప్రింగుల పని చేసే కడ్డీలు) మోస్తాయి. ఆ భాగాలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో మీకు తెలియదు, అమ్మినాయన చెప్పడు. కాబట్టి మొదట నూనెలు, రబ్బరు, జాయింట్లు. తర్వాత టైర్లు, లాగే తాడు. లక్షన్నరలో ఇవన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే దాచుకోండి, సీఆర్‌డీఈ ఇంజన్ ఇంజెక్టర్ల రూపంలో ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది.

ఐదు నూనెలు, ఐదు సీసాలు

ఈ బండిలో నూనె ఐదు చోట్ల ఉంటుంది: ఇంజన్ చాంబర్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), వెనక హౌసింగ్, ముందు హౌసింగ్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టెలు). షెడ్డులో సర్వీసింగ్ అంటే ఇంజన్ ఆయిల్ ఒక్కటే మార్చి పంపిస్తారు. ముందు హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేస్ ప్లగ్గులు కంపెనీ నుంచి వచ్చిన నాటి నుంచి విప్పని బండ్లు ఎన్నో ఉంటాయి.

బండిని పది కిలోమీటర్లు తిప్పి నూనె వేడెక్కాక, చదునైన చోట నిలిపి మొదలుపెట్టండి. ప్రతి చోటా పోసే ప్లగ్గు ముందు విప్పాలి, దించే ప్లగ్గు తర్వాత. ఈ వరస తప్పిస్తే జరిగేది ఇదీ: నూనె మొత్తం కిందికి దించేస్తారు, పై ప్లగ్గు తుప్పు పట్టి కదలదు, పానా జారి తల అరిగిపోతుంది, బండి అక్కడే పడి ఉంటుంది. కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి.

దించిన నూనెను విడివిడిగా సీసాల్లో పట్టండి. అసలు రిపోర్టు అదే. నల్లబడ్డా పారదర్శకంగా ఉంటే మామూలు. పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. ప్లగ్గు చివర అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు ముద్ద ఉంటే అరుగుదల సహజమే. గోరు కత్తిరింపుల్లాంటి ముక్కలు వస్తే మాత్రం పళ్లు గానీ బేరింగ్ గానీ పోతోంది. ఇక ఆ హౌసింగ్ విప్పకుండా అడవి దారి పట్టొద్దు.

నూనె రకంలోనే తప్పులు ఎక్కువ జరుగుతాయి. హౌసింగ్‌లో పడేది జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 లేదా 85డబ్ల్యూ-140. అదే డబ్బాలో మిగిలింది గేర్ బాక్స్‌లో పోసేయడం చాలా షెడ్లలో అలవాటు. గేర్ బాక్స్‌లో గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. జీఎల్-5లో ఉండే గంధకం, భాస్వరం మందులు వేడి మీద ఆ ఇత్తడిని తింటాయి. ఏడాదిలో రెండో గేరు, మూడో గేరు కరకరమంటాయి. గేర్ బాక్స్‌కు జీఎల్-4 అని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి వేరు. గొలుసుతో నడిచే కేసుల్లో సాధారణంగా పలచటి ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే నూనె) పడుతుంది, అందులో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే గొలుసుకు, బేరింగులకు సరిగ్గా అందదు. ఓనర్ మాన్యువల్‌లో గ్రేడు, కొలత రెండూ ఉంటాయి. ఆ పేజీ ఫోటో తీసి మెకానిక్ చేతిలో పెట్టండి, నోటి మాటగా చెప్పకండి. గేర్ బాక్స్, హౌసింగులకు నూనె పక్క రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలైతే నిండినట్టు. ప్లగ్గుల రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవే బిగిస్తే వారంలో చెమ్మ కనబడుతుంది.

ఇంజన్‌కు 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్, సీఐ-4 రకం సరిపోతుంది. పాత ఇంజన్‌లో ఫ్లష్ మందు పోసి కడగమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వద్దు. ఊడిన మడ్డి ఒక్కసారిగా ఆయిల్ స్ట్రైనర్‌కు అడ్డం పడుతుంది, దాంతో మొదట పోయేది ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో. దాని బదులు ఇప్పుడు ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చి 1500 కిలోమీటర్లకే మళ్లీ మార్చండి. మడ్డి నెమ్మదిగా అదే దిగుతుంది.

పాల చాయ్ రంగు ఎందుకు వస్తుంది

హౌసింగ్ పైన వేలెడంత గొట్టం, దానికి చిన్న మూత ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. వేడెక్కిన గాలి అందులోంచి బయటికి పోవాలి. ములుగు దాకా రోడ్డు మీద నడిచిన బండి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఆ వేడితో వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోయి పీల్చుకుంటుంది. బ్రీదర్ పని చేస్తూ నీటి కిందుంటే అందులోంచి నీళ్లే పోతాయి. బురదతో మూసుకుపోయి ఉంటే యాక్సిల్ ఆయిల్ సీళ్ల అంచుల్లోంచి పీల్చుకుంటుంది. ఆ తర్వాత సీళ్లు కూడా కారడం మొదలవుతుంది.

డీజిల్‌కు వాడే రబ్బరు గొట్టం నాలుగైదు మీటర్లు, క్లిప్పులు తెచ్చి, రెండు హౌసింగుల బ్రీదర్లనూ, వీలైతే గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ బ్రీదర్లనూ ఇంజన్ గదిలో పైఎత్తుకు తీసుకుపోయి, చివర చిన్న ఫిల్టరు పెట్టండి. గొట్టం ఎక్కడా మడత పడకుండా, సైలెన్సర్‌కు తగలకుండా, వెనక యాక్సిల్ పైకీ కిందికీ ఆడినా లాగకుండా వదులుగా వేయాలి. మీ బండికి మొదటి అప్‌గ్రేడ్ ఇదే. ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ చేయించరు. నూనెలో నీళ్లు కనబడి ఉంటే బ్రీదర్ బాగు చేశాక కొత్త నూనె పోసి, 100 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ దించి మరోసారి పోయాలి. మొదటి దఫాలో మొత్తం తేమ పోదు.

ఇంజన్: పొగ, దుమ్ము, వేడి

పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడండి. కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగితే హీటర్ ప్లగ్గులు చూపించాలి. వేడెక్కినా తెల్ల పొగ ఆగక, కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ ప్యాకింగ్ అనుమానం. నీలం పొగ అంటే నూనె కాలుతోంది, టర్బో సీలు గానీ రింగులు గానీ. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త నల్ల పొగ సహజం. చదును రోడ్డు మీద కూడా నల్లగా వదులుతుంటే ఇంజెక్టర్ల మీద పడకముందు ఎయిర్ ఫిల్టరు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు, ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) చూడండి. ఇంటర్‌కూలర్ గొట్టం చీలిన చోట నూనె తడి, దానికి అంటిన దుమ్ము ఉంటుంది. అక్కడ సబ్బు నీళ్లు రాసి, పక్కనొకరు రేస్ చేస్తే బుడగలు వస్తాయి.

ఇంజెక్టర్ల ఆరోగ్యానికి తేలికైన పరీక్ష లీక్ ఆఫ్. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు తీసి, నాలుగు చిన్న సీసాలకు కలిపి, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిపిస్తారు. నాలుగింటిలో దాదాపు ఒకే మట్టం ఉండాలి. ఒకటి మిగతా వాటికంటే బాగా నిండిందంటే అరిగిన ఇంజెక్టర్ అదే. నాలుగూ మార్చమని ఎవరైనా అంటే ముందు ఈ సీసాలు చూపించమనండి. డీజిల్ ఫిల్టరు మాత్రం ఏ అనుమానం లేకున్నా కొత్తది వేయండి, వానాకాలంలో దాని కింది నీటి ప్లగ్గు నెలకోసారి వదలండి. ఫిల్టరు మార్చాక చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి ఎయిర్ లాక్ తీయకుండా సెల్ఫ్ కొట్టొద్దు, బ్యాటరీ, సెల్ఫ్ రెండూ అలసిపోతాయి.

దుమ్ము విషయంలో మన జిల్లాల తీరు వేరు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, అది సిలిండర్ గోడ ఇనుముకంటే గట్టిది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము. పొలం దారిలో సన్నటి దుబ్బ. ఫిల్టరు మార్చడం అందరూ చేస్తారు గానీ ఫిల్టరు దాటాక ఉన్న గొట్టం లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడిచి చూడరు. గుడ్డకు మట్టి అంటితే ఎక్కడో క్లిప్పు వదులుంది, లేదా ఫిల్టర్ పెట్టె మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ మట్టి సూటిగా టర్బో రెక్కలకు తగులుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ఫిల్టరును బయటి నుంచి కొట్టించకండి. కాగితం చిరుగుతుంది, చిరుగు కంటికి కనబడదు. లోపలి వైపు నుంచి బయటికి, 30 పాయింట్ల గాలితో, దూరం నుంచి ఊదాలి. రెండుసార్లు ఊదాక కొత్తదే.

ఇంకొకటి పత్తి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎనుమాముల మార్కెట్ చుట్టూ, జిన్నింగ్ మిల్లుల రోడ్ల మీద గాలిలో దూది ఉంటుంది. ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య ఉన్న వేలెడు సందులో అది దుప్పటిలా పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. ఏప్రిల్ వచ్చి ఎండ 44 దాటాక టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంది, అప్పుడు థర్మోస్టాట్, వాటర్ పంప్ అంటూ ఒక్కొక్కటీ మారుస్తారు. ఫిబ్రవరిలో ఒకసారి పై బ్రాకెట్లు విప్పి, ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు పడుకుంటాయి, మామూలు గొట్టం చాలు.

కూలెంట్ మొత్తం దించి, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు వద్దు. ఇంట్లో వేడినీళ్ల గిన్నె అడుగున తెల్ల పొర ఎలా కడుతుందో, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే కడుతుంది. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వేయండి. ఆ మూత ఒత్తిడి పట్టకపోతే నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఇంజన్ వేడి మీద ఆపేసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడండి. బరువుగా తిరిగి వెంటనే ఆగాలి. సీలింగ్ ఫ్యాన్‌లా తేలిగ్గా తిరిగిందంటే విస్కస్ క్లచ్ (వేడెక్కాక ఫ్యాన్‌ను పట్టి తిప్పే భాగం) పోయింది. రోడ్డు మీద 80లో పోతుంటే ఈ లోపం తెలియదు, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే నెమ్మది గేరు ఫోర్ లోలో బురదలో పది నిమిషాలు నడిస్తే తెలుస్తుంది.

కమాన్లు, జాయింట్లు, ఫోర్ వీల్ గేరు

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో పట్టి పైకీ కిందికీ, గడియారం ముల్లులా అటూ ఇటూ తిప్పండి. కటకటమంటే క్రాస్ (షాఫ్ట్ చివర తిరిగే జాయింట్) పోయింది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు టక్కుమనే శబ్దం కూడా దాని గుర్తే. గ్రీజు నిప్పుల్ ఉన్న ప్రతి చోటా గ్రీజు గన్‌తో, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడే దాకా కొట్టాలి. క్రాస్‌కు నాలుగు గిన్నెలు ఉంటాయి, నాలుగింటి నుంచీ గ్రీజు రావాలి. ఒక దాన్నుంచి రాకపోతే ఆ వైపు ఎండిపోయినట్టే, దాన్ని ఇప్పుడే మార్చండి. ఆ తర్వాత లెక్క కిలోమీటర్లది కాదు, వాగులో దిగిన ప్రతిసారీ ఇంటికొచ్చాక గ్రీజు.

వెనక కమాన్ పట్టీల మధ్య పగులు ఉందేమో టార్చితో చూడండి. బుష్షులు నలిగి ఉంటే సెట్టు మొత్తం మార్చండి. యూ బోల్టులు విప్పి బిగించాక 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి. ఇది మరిచిపోతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది. ముందు వైపు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్లు, బేరింగ్ ఆట తెలుస్తుంది. కుడీ ఎడమా పట్టి ఊపితే స్టీరింగ్ రాడ్ ఎండ్లు. ఇరుసు రబ్బరు బూట్లు చిరిగి ఉంటే ఈ వారంలోనే మార్చండి. బూటు చవక, లోపల మట్టి చేరిన జాయింట్ ఖరీదు.

టోర్షన్ బార్ బోల్టు నాలుగు చుట్లు తిప్పితే రూపాయి ఖర్చు లేకుండా ముందు భాగం లేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. లేస్తుంది, నిజమే. దాంతో చక్రం కిందికి వాలే దూరం అయిపోతుంది, గుంతలో పడ్డప్పుడల్లా స్టాపర్‌కు కొట్టుకుంటుంది, ఇరుసు జాయింట్ కోణం పెరిగి త్వరగా అరుగుతుంది. లక్షా పది వేల కిలోమీటర్లకు వాలిపోయిన బండిని కంపెనీ ఎత్తుకు తేవడానికి మాత్రమే ఆ బోల్టు ముట్టుకోండి.

ఇక ఫోర్ వీల్. దుబ్బ లేదా మొరం నేల మీద బండి నిలిపి ఫోర్ హై (నాలుగు చక్రాలతో మామూలు వేగం) వేయండి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదలండి. బండి బిగబట్టినట్టు, గంతులేసినట్టు అనిపించాలి. అదే పనిచేస్తున్నట్టు. దీపం వెలిగినా బండి హాయిగా తిరిగిందంటే ముందు చక్రాలకు శక్తి చేరడం లేదు. హబ్బులు, వాటి వాక్యూమ్ గొట్టాలు ఉంటే అవి, ముందు షాఫ్ట్ వరసగా చూడాలి. ఫోర్ లో మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. లీవర్ బిర్రుగా ఉంటే రెండు అడుగులు ముందుకో వెనక్కో జరిపి చూడండి, కాలితో తన్నకండి.

ఈ బండిలో ముందు వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్లు) లేదు. తారు రోడ్డు మీద, సీసీ రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే ముందు చక్రాలు ఒక దూరం, వెనకవి ఒక దూరం పోవాలి. జారే వీలు లేక ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేస్ గొలుసు మీద పడుతుంది. ఆ తర్వాత లీవర్ టూ హైకి (రెండు చక్రాలకే శక్తి) రాదు. వచ్చేదాకా సూటిగా కొన్ని అడుగులు వెనక్కి నడపండి. అలాగని ఏడాదంతా వాడకుండా ఉంచొద్దు. నెలకోసారి మొరం దారిలో మూడు కిలోమీటర్లు నడిపితే ముందు హౌసింగ్ సీళ్లకు నూనె తగులుతుంది. రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ 2015 ఫేస్‌లిఫ్ట్‌తో వచ్చింది. మీది 2014 కాబట్టి ఒక వెనక చక్రం గాలిలో లేస్తే అదే తిరుగుతుంది. దారి ఎంచుకునేటప్పుడు అది గుర్తుండాలి.

బ్రేకుల మాట రెండు ముక్కలు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. తేమ చేరిన ఆయిల్ నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు మరిగి పెడల్ లోపలికి పోతుంది. వెనక డ్రమ్ములు విప్పించి లోపలి బురద పొడి తుడిపించండి, హ్యాండ్ బ్రేక్ తీగ కూడా చూడండి.

టైర్లు

ఇక్కడ డబ్బు ధారాళంగా పెట్టండి. ముందు ఉన్న టైర్ల వయసు చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 1419 అంటే 2019లో 14వ వారం. ఆరేళ్లు దాటితే గీతలు ఎంత లోతున్నా మార్చాల్సిందే. తక్కువ తిరిగిన నగరం బండ్లకు టైరు నిండుగా కనబడుతుంది, రబ్బరు మాత్రం ఎండి చెక్కలా ఉంటుంది.

కంపెనీ సైజు 235/70 ఆర్16, ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 వేస్తే సుమారు 774. బండి కింది ఖాళీ పెరిగేది అందులో సగమే, అంటే రెండు సెంటీమీటర్ల లోపు. స్పీడోమీటర్ 100 చూపిస్తే మీరు 105లో ఉంటారు. గేరింగ్ కూడా అంతే మేర బరువెక్కుతుంది, సీఆర్‌డీఈ ఇంజన్‌కున్న 247 న్యూటన్ మీటర్ల టార్క్ దాన్ని మోస్తుంది. 33 అంగుళాలు అంటే దాదాపు 838 మిల్లీమీటర్లు. 14 శాతం పెరుగుదల. క్లచ్, బ్రేకు, బాల్ జాయింట్లు అన్నీ ఆ లెక్కకు చేసినవి కావు, పైగా రిజిస్ట్రేషన్, బీమా చిక్కులు. నా మాట వింటే కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెరైన్ టైర్లు ఐదు కొనండి. నాలుగు కాదు, ఐదు. స్టెప్నీ వేరే సైజుదో బాగా అరిగినదో అయితే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి, సూటి దారిలో కూడా, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఒత్తిడి మొదలవుతుంది.

చెల్క నేల, మొరం దారి, రాళ్ల గుట్టలకు ఆల్ టెరైన్ సరిపోతుంది. నల్లరేగడి మీద వానపడ్డాక మాత్రం ఏ టైరూ సరిపోదు. జిగురు మట్టి గీతల్లో నిండి టైరు గుండ్రటి మట్టి బెల్లం ముద్దవుతుంది. రెండో గేరులో కాస్త వేగంగా చక్రం తిప్పితే మట్టి ఎగిరిపోతుంది, నెమ్మదిగా గుంజితే పోదు. రెండు రోజులు ఎండ తగిలి పైపొర ఆరేదాకా ఆగడం ఇంకా మంచిది. దమ్ము చేసిన మడిలోకైతే జీపు దించనే వద్దు. ట్రాక్టర్ దిగుతోంది కదా అనుకోకండి. దానికి కేజ్ వీల్స్ ఉంటాయి, మీ బండి హౌసింగ్ దాకా కూర్చుంటుంది.

గాలి తగ్గించడం ఏ లిఫ్ట్ కిట్ కంటే ఎక్కువ పని చేస్తుంది. గోదావరి ఇసుకలోనైతే 15 నుంచి 18 పాయింట్లు, మెత్తటి దుబ్బలో 20. అలా ఉన్నప్పుడు 30 కిలోమీటర్ల వేగం దాటొద్దు, టక్కున మలుపు తిప్పొద్దు, టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. రోడ్డెక్కగానే డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న లెక్కకు గాలి నింపాలి. కాబట్టి 12 వోల్టుల కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి. అది బ్యాటరీ టెర్మినళ్లకు తగిలించేదై ఉండాలి, సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టేవి జీపు టైర్ దగ్గరికొచ్చేసరికి ఫ్యూజు కాలుస్తాయి.

గడ్డి

ఈ సంగతి వేరే చోటి వాళ్లు రాసిన సలహాల్లో కనబడదు. వానాకాలం వడ్లు అక్టోబరు, నవంబరులో, యాసంగి వడ్లు ఏప్రిల్, మేలో కోతకొస్తాయి. అప్పుడు మన రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు, పక్కన వరిగడ్డి పరుస్తారు. ఆ గడ్డి మీదుగా పోతే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు తాడులా చుట్టుకుని ఆయిల్ సీల్ అంచులోకి దూరుతుంది. నూనె కారడం మొదలయ్యాక సీల్ మారుస్తారు, చుట్టుకున్న గడ్డి మాత్రం అలాగే వదిలేస్తారు, నెలకు మళ్లీ కారుతుంది. అంతకంటే ప్రమాదం సైలెన్సర్ పైపు, బండి కింది రేకు మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డి. గంట ప్రయాణం తర్వాత పైపు వేడికి అది అంటుకుంటుంది. కోతల కాలంలో గడ్డి తొక్కిన రోజు ఇంటికి రాగానే టార్చితో కింద చూసి, పొడవాటి కొక్కెంతో లాగేయండి. గడ్డివాము పక్కన, కల్లంలో వేడి బండిని ఆపొద్దు. కిలో రెండు కిలోల చిన్న ఏబీసీ ఫైర్ సిలిండర్ డ్రైవర్ చేతికందే చోట బిగించండి, వెనక సీటు కింద ఉంటే లేనట్టే.

వాగు, స్నార్కెల్

2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు, జంపన్నవాగు ఊళ్లనే ముంచాయి. అలాంటి నీళ్ల ముందు ఏ స్నార్కెల్ లెక్కలోకి రాదు. పారే నీరు అడుగు ఎత్తుంటే చిన్న కారును జరుపుతుంది, రెండడుగులుంటే థార్ లాంటి బండ్లనూ తీసుకుపోతుంది. కాజ్‌వే మీద నీళ్లు పారుతూ అంచు రాళ్లు కనబడకపోతే ఆగిపోవాలి.

నిలకడ నీళ్లైతే ముందు ఒకరు కర్రతో నడిచి చూడాలి. మోకాలు దాటితే దిగొద్దు. దిగేముందు పది నిమిషాలు ఆగి హౌసింగులు చల్లారనివ్వండి. ఫోర్ లో రెండో గేరు వేసి, మధ్యలో క్లచ్ తొక్కకుండా, ముందు చిన్న అల పుట్టేంత వేగంతో నడవండి. ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు కుదించుకుపోవు, డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన ఉండే ఖాళీ చాలా తక్కువ, ఒక్కసారి తిప్పినా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగి, ఎయిర్ ఫిల్టరు తడిసిందో లేదో చూసి, తడిస్తే హీటర్ ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పి నీళ్లు కక్కించాలి. స్నార్కెల్ పెడితే గాలి పైనుంచి వస్తుంది, సరే. దాని కింద ఫిల్టర్ పెట్టె అతుకులు, నీరు పోయే చిల్లు అన్నీ మూయకపోతే నీళ్లు పక్క నుంచి దూరతాయి. డైనమో, వైరింగ్ కనెక్టర్లు ఎలాగూ కిందే ఉంటాయి. బురద వాగు దాటిన రోజు వెనక డ్రమ్ములు నీళ్లు పట్టి ఉంటాయి, బ్రేకు పదిసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

దిగబడితే

విన్చ్ బదులు ఇవి కొనండి: సాగే గుణమున్న కైనెటిక్ తాడు 9 మీటర్లది, బండి బరువుకు కనీసం మూడింతలు బరువు పడితే గానీ తెగనిది. 4.75 టన్నులు అని ముద్ర ఉన్న 19 మిల్లీమీటర్ల షాకిల్స్ (తాడును బండికి తగిలించే ఇనుప కడియాలు) రెండు. మడత పార, మందపాటి చెక్క పలక ఒకటి, జాకీ కింద వేయడానికి. ముందు, వెనక ఛాసిస్‌కు బోల్టు వేసిన లాగే హుక్కులు గట్టిగా ఉన్నాయో చూడండి. బంపర్‌కు, ట్రైలర్ బంతికి తాడు కట్టొద్దు. బంతి ఊడితే తూటాలా వస్తుంది. ఊరి ట్రాక్టర్ వస్తే గొలుసుతో జర్కు ఇచ్చి లాగుతారు, అది వద్దనండి. గొలుసైనా వైరు రోపైనా బిగుతుగా పెట్టి, నెమ్మదిగా, ఫస్ట్ గేరులో లాగాలి, మధ్యలో తడి గోనె సంచి వేయాలి, చుట్టూ నిలబడ్డ పిల్లల్ని తాడు పొడవుకు రెండింతల దూరం పంపాలి. లాగే ముందు చక్రాల ముందున్న మట్టి పారతో తీస్తే సగం పని అయిపోతుంది.

లైట్ బార్ గురించి: ముందు కంపెనీ హెడ్‌లైట్లకు రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి, అవే 60/55 వాట్ల బల్బులతోనే వెలుతురు తేడా కనబడుతుంది. బార్ పెట్టే తీరాలంటే 120 వాట్లది 10 ఆంపియర్లు తీస్తుంది, రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. రోడ్డు మీద మాత్రం వేయొద్దు. బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప కడ్డీలు) వద్దు, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. కంపెనీ కొలతలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు బీమా సర్వేయర్ ముందు చూసేది కూడా ఇదే.

కాగితాలు ఆలస్యం చేయకండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దన్న ఉత్తర్వును 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించాక ఇలాంటివి ఇటు చాలానే వచ్చాయి. ఫారం 28 మీద ఎన్ఓసీ, బండి మీ పేరు మీదికి మారడానికి ఫారం 29, 30, లోను ఉండి తీరిపోతే ఫారం 35, ఇక్కడి లైఫ్ టాక్స్, పాత చలాన్లు. లైఫ్ టాక్స్ ఎంతో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని ఆ డబ్బు లక్షన్నరలోంచి ముందే పక్కన పెట్టండి. 2029లో పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఏటూరునాగారం అభయారణ్యం లోపలి దారుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు, బండి సీజ్ అవుతుంది.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఐదు నూనెలూ దించి, ఐదు సీసాల మీద పేర్లు రాసి, పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ప్లగ్గుల అయస్కాంతాలు తుడవకముందే వాటివి కూడా. ముందు హౌసింగ్ సీసా రంగు చూశాక టైర్లకు ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం.